కూర్చునే చోటు కుదిరితేనే ధ్యానం

మా సోలాపూర్ పూర్వభాగంలో, మేముండే చాళ్ల మధ్య చిన్న సమాజ మందిరం ఒకటి ఉంది. ప్రతి గురువారం పొద్దుగూకినాక అక్కడ అర్ధగంట ధ్యానానికి కూర్చుంటాం. మొదలుపెట్టిన రోజు ఇరవై రెండు మందిమి. ఆరు నెలలు గడిచేసరికి తొమ్మిది మందిమి మిగిలాం. మనసు నిలవక మానేశారేమో అనుకున్నాను. ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగితే అసలు సంగతి తెలిసింది. మనసు మాట ఒక్కరూ ఎత్తలేదు. మగవాళ్లు మోకాళ్లన్నారు, ఆడవాళ్లు నడుమన్నారు.

అందరికన్నా ఎక్కువ బాధనిపించింది మా బావ సంగతి. వరసకు బావ, ముప్పై ఏళ్లు నాతో ఒకే పాళీలో సాంచాలు నడిపినవాడు. ఒక గురువారం గంట కొట్టగానే అందరితోపాటు గభాలున లేచాడు. ఎడమ కాలు తిమ్మిరెక్కి ఉంది, నేల తగిలిందో లేదో కూడా తెలియలేదు. ఒక్క అడుగు వేసి పక్కకు పడ్డాడు. మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. చేతి నొప్పి కన్నా ఆయనకు సిగ్గు ఎక్కువైంది. పలకరించబోతే, "ఇంక నేను రాను బావా. కింద కూసుంటే కాలు నాది కాదు, కుర్చీల కూసుంటే నలుగురు నవ్వుతరు" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నేను చదివింది నాలుగో తరగతి దాకా, యోగా మాస్టర్ను కాను. కానీ మిషన్ ఎందుకు ఆగిందో చూడకుండా వదిలే అలవాటు మనకు లేదు గదా. ఇంట్లో ఉన్న చద్దర్లు, బొంతలు, మెత్తలు, పీటలు అన్నీ ముందేసుకొని రెండు నెలలు చూశాను. మా ఇంటిది నవ్వింది. ఆమె మాట కూడా రాయాలి. "పొద్దుగాల నుంచి చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టుడే నా పని, మళ్ల ధ్యానానికి గూడ కూసునుడేనా?" అంటది. మన ఆడవాళ్ల నడుము వంగింది ఎట్లనో ఆ ఒక్క మాటలోనే ఉంది.

సంగతి ఇది. ఒట్టి నేల మీద బాసింపట్టు వేసుకుంటే, తుంటి వెనక్కి జారుతుంది. తుంటి వెనక్కి పోతే నడుము గుండ్రంగా వంగుతుంది, మోకాళ్లు గాలిలోకి లేస్తాయి. అప్పుడు వీపు కండలే పైభారమంతా పట్టుకోవాలి. పది నిమిషాలకు అవి అలిసిపోతాయి. తుంటి కింద ఎత్తు పెడితే తుంటి కొంచెం ముందుకు ఒరుగుతుంది, మోకాళ్లు కిందికి దిగుతాయి, నడుము దానంతటదే నిలబడుతుంది. రెండు మోకాళ్లు, పిరుదులు, మూడు చోట్ల భారం పంచుకుంటాయి. మూడు రాళ్ల పొయ్యి లెక్క.

ఎంత ఎత్తు అంటే ఒక్క కొలత లేదు. సులువుగా వంగే పిల్లలకు రెండు వేళ్లు చాలు. నాకు బెత్తెడు కావాలి. కూర్చొని చూసుకోండి, మోకాళ్లు తుంటి కన్నా పైన ఉన్నాయంటే ఇంకో మడత వేయాలి. అయినా దిగకపోతే లేచిన మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. మోకాలు గాలిలో వేలాడొద్దు.

మన ఊళ్లో చద్దర్లకు కరువా? పాత నూలు చద్దర్ను సగానికి సగం నాలుగుసార్లు మడిచి, అట్లాంటివి రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే సుమారు బెత్తెడు అవుతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డదే మంచిది, కొత్తది జారుతుంది. దాని మీద మొత్తంగా ఎక్కి కూర్చోవద్దు, ముందు అంచున కూర్చోవాలి. లేకపోతే అంచు తొడల కింద ఒత్తుకొని తిమ్మిరి పుట్టిస్తుంది. కాళ్ల కింద వేరే బొంత ఒకటి పరవాలి. సిమెంటు నేల మీద చీలమండ ఎముక ఆనితే ఐదు నిమిషాలు కూడా ఓర్వలేం. ఇంకొకటి, ఒక పాదం మీద ఇంకో పాదం ఎక్కించకండి. ఒకటి ముందు, ఒకటి వెనక, రెండూ నేల మీదే ఉంటే బరువు పాదాల మీద పడదు.

స్పంజి మెత్త కొనుక్కొచ్చినవాళ్లను చూశాను. కూర్చుంటే హాయిగా ఉంటుంది, పది నిమిషాలకు అణిగిపోతుంది, మళ్లీ నేల మీద ఉన్నట్టే. బూరుగు దూది గట్టిగా కూరిన మెత్త దానికన్నా మేలు. జపాన్‌లో జెన్ ధ్యానం చేసేవాళ్లు జాఫు అనే గుండ్రటి మెత్త మీద కూర్చుంటారు. పాతకాలం నుంచి దాంట్లో నింపేది కూడా బూరుగు జాతి దూదే. అది కూడా కొన్ని నెలలకు అణుగుతుంది, ఎండకు వేసి దులిపితే మళ్లీ పొంగుతుంది. మిల్లు వేస్టు దూది కూరి చూశాను. ముద్దలు కట్టింది, వద్దు.

కాళ్లు మడిచి వెనక్కి పెట్టుకునేవాళ్లకు చిన్న పీట బాగుంటుంది. పద్దెనిమిది అంగుళాల పొడుగు, ఆరేడు అంగుళాల ఎత్తు, పైచెక్క ముందుకు కొంచెం వాలుగా ఉండాలి. పాదాలు పీట కిందికి పోతాయి, బరువు మడమల మీద కాకుండా పీట మీద పడుతుంది. పాత తలుపు చెక్కతో మా వీధి వడ్రంగి చేసిచ్చాడు. నాకు కుదిరింది. కానీ మోకాలు పూర్తిగా మడవలేనివాళ్లకు ఇది పనికిరాదు. మా బావ మోకాలు సగం కూడా మడవడు.

అట్లాంటివాళ్లకు కుర్చీయే. మోకాలి కీలు మార్పించుకున్నవాళ్లను డాక్టర్లు సాధారణంగా నేల మీద కూర్చోవద్దనే అంటారు. అయితే మన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పేచీ ఉంది. దాని కూర్చునే భాగం వెనక్కి వాలి ఉంటుంది, నడుమ గుంట పడుతుంది. కూర్చోగానే మనిషి వెనక్కి జారి నడుము వంచేస్తాడు, ఇంకాసేపటికి కునుకు. టెర్రీ టవల్ మడిచి వెనక సగంలో పెడితే ఆ వాలు పోతుంది. వీపు ఆనించకుండా ముందుకు జరిగి కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. అందకపోతే పాదాల కింద పీట వేయాలి. మా ఇంటిది పొట్టి, ఆమెకు పీట తప్పదు.

ఇక నవ్వే సంగతి. గీతలో ఆరో అధ్యాయంలో ఆసనం గురించి చెప్పారని పురాణం చెప్పే అయ్యగారి దగ్గర విన్నాను. మరీ ఎత్తు ఉండొద్దు, మరీ పల్లం ఉండొద్దు, దర్భలు, జింక తోలు, బట్ట ఒకదాని మీద ఒకటి పరవాలి. అంటే అప్పటివాళ్లు కూడా ఒట్టి నేల మీద కూర్చోలేదు. పతంజలి అయితే కదలకుండా, సుఖంగా ఉండాలన్నాడు, అంతే. మన మహారాష్ట్రలోనే ఇగత్‌పురిలో గోయెంకాగారు పెట్టిన విపశ్యన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం, మౌనం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజుకు పది గంటల దాకా కూర్చోవడం. అంత గట్టి నియమాలున్న చోట కూడా కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీ ఇస్తారు. మనది అర్ధగంట.

బావకు ఇవన్నీ చెప్పినా కరగలేదు. చివరికి మా తాత మగ్గం గుర్తుచేశాను. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడు. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. గుంట అంచున చెక్క, దాని మీద మడిచిన గొంగడి, కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు చెక్కల మీద. ఎవరి ఎత్తును బట్టి వాళ్లు గొంగడి మడత పెంచుకునేవాళ్లు, తగ్గించుకునేవాళ్లు. పొద్దంతా అట్లాగే కూర్చొని నేసేవాళ్లు. "మీ తాత కూర్చున్నది గూడ అట్లనే గదా బావా. కాళ్లు కిందికి దించి కూసుంటే కుర్చీ గాక ఇంకేంది?" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా తాత గొంగడి ఇంకా పెట్టెల ఉన్నది" అన్నాడు.

ఆ గురువారం వచ్చాడు. కుర్చీలో వెనక సగాన ఆ గొంగడి ముక్కే మడిచి పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాతి వారం ఇంకో ఇద్దరు కుర్చీలు అడిగారు. ఇప్పుడు పద్నాలుగు మందిమి, ఐదుగురు కుర్చీల మీద.

గంట విషయంలో కూడా పద్ధతి మార్చాం. గంట కొట్టినాక రెండు నిమిషాలు ఎవరూ లేవొద్దు. కాళ్లు చాపి, పాదాలు ఆడించి, పిక్కలు పిసుక్కొని, స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చిందనుకున్నాకే గోడ పట్టుకొని లేవాలి. షుగరు ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ ముందే తక్కువ ఉండొచ్చు, కాబట్టి వాళ్లు కళ్లతో పాదాలు చూసుకొని మరీ లేవాలి. లేచి నడిచినా తిమ్మిరి పోకుండా ఉంటే, లేక ప్రతిసారీ అదే కాలుకు వస్తుంటే, అది ఆసనం తప్పు కాకపోవచ్చు, డాక్టరుకు చూపించుకోండి.

కుర్చీలు జరిపేటప్పుడు కీచుమని చప్పుడవుతుందని ఒక ముసలాయన గొణిగాడు. మొన్న బావ పాత సైకిల్ ట్యూబు కోసి తెచ్చి, ఐదు కుర్చీల కాళ్లకూ తానే తొడిగాడు.