ఆఖరి రాత్రి పియానోకు చోటు లేదు

‘విదేశాల్లో వేసవి పియానో క్యాంపులకు వెళ్లే పిల్లలు. కవర్ స్టోరీ. శుక్రవారానికల్లా కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. ఆయన మనసులోని బొమ్మ నాకు తెలుసు: నల్లటి గ్రాండ్ పియానో, నవ్వుతున్న పాప, వెనక పైన్ చెట్లు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో, రెండు సరస్సుల నడుమ ఉన్న ఇంటర్లాకెన్ ఆర్ట్స్ క్యాంపులో అలాంటి ఫొటో ఎటు తిరిగినా దొరుకుతుంది. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఒక స్కోరులోని వాద్యాల జాబితా.

ఈ క్యాంపులో ఏటా వేసవి ఒకే రచనతో ముగుస్తుంది. అది ఫ్రాంజ్ లిస్ట్ స్వరపరిచిన ‘లే ప్రెలూద్’. తన కాలంలో యూరప్‌ను ఉర్రూతలూగించిన పియానిస్టు లిస్ట్. ఊరూరా తిరిగి కచేరీలు చేయడం 1847లో మానేశాడు. 1854లో వైమార్‌లో ఆర్కెస్ట్రా ముందు తానే నిలబడి ఈ రచనను తొలిసారి వినిపించాడు. జాబితా చూడండి. ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు, నాలుగు హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా, టింపనీ, డ్రమ్ములు, తాళాలు, హార్ప్, ఆపైన వయొలిన్ మొదలు డబుల్ బేస్ దాకా తీగవాద్యాలు. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చూసుకోండి. పియానో లేదు! రాసినవాడు చూస్తే అంతటి పియానిస్టు.

ఇంకోటి కూడా ఉంది. ఇక్కడి ఆర్కెస్ట్రా కచేరీల చివర హోవర్డ్ హాన్సన్ రెండో సింఫనీలోని ఒక భాగం వాయించడం ఆనవాయితీ. నడిపించేది కండక్టర్ కాదు, మొదటి వయొలిన్ విద్యార్థి. అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టరు. అందులోనూ పియానో లేదు.

పాపం పిల్లలు అనిపిస్తుంది గానీ, నాకైతే ఇది బాగా నచ్చింది. హైదరాబాద్‌లో ట్రినిటీ గ్రేడ్ పరీక్షకు వయొలిన్ నేర్చుకునే అమ్మాయి వెళితే వెంట పియానో వాయించే మనిషి ఉంటారు. పియానో పిల్లాడు ఒక్కడే లోపలికి వెళ్లి ఒక్కడే బయటికొస్తాడు. గ్రేడ్ తర్వాత గ్రేడ్ దాటినా ఇంకొకరి కోసం ఆగాల్సిన పని పడదు. మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసులు పక్కవాద్యంతోనే పదునెక్కారు. పియానో పిల్లలకు ఆ బడి లేదు. క్యాంపు ఇవ్వగలిగింది అదే. సెల్లో అమ్మాయి విల్లు ఎత్తి ఊపిరి తీసుకున్న క్షణాన్ని కంటి చివరతో పట్టుకుని మొదటి కార్డ్ వేయాలి. మూత బార్లా తెరిచిన గ్రాండ్ పక్కన సెల్లో మంద్రస్థాయి మునిగిపోతుంది. కాబట్టి ఎడమచేతి బరువు తగ్గించాలి, పెడల్ త్వరగా వదలాలి. ఇవన్నీ ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తే వచ్చేవి కావు. కాలేజీ దరఖాస్తులో ఒక వాక్యం కోసమే అయితే మాత్రం విమానం టికెట్ డబ్బులు దండగే.

చరిత్ర గబగబా: 1928లో జోసెఫ్ మ్యాడీ ఈ క్యాంపును హైస్కూల్ ఆర్కెస్ట్రా పిల్లల కోసమే మొదలుపెట్టాడు, 1962లో ఏడాది పొడవునా నడిచే బోర్డింగ్ స్కూలు తోడైంది. 1937 నుంచి 1944 దాకా వేసవుల్లో పాఠం చెప్పిన పెర్సీ గ్రెయింజర్ పియానిస్టుల పక్షం మనిషి. తన ‘ది వారియర్స్’లో ఆర్కెస్ట్రా మధ్య ఏకంగా మూడు పియానోలు పెట్టాడు.

బాక్స్: మిగిలిన ముచ్చట్లు

యూనిఫాం నీలం. దశాబ్దాల పాటు అమ్మాయిల మేజోళ్ల రంగును బట్టి వాళ్లు ఏ వయసు విభాగమో తెలిసేది.

సాధనకు చెట్ల మధ్య చిన్న చిన్న గదులున్నాయి. గాలిలో తేమ పెరిగితే పియానో లోపలి చెక్కపలక ఉబ్బి, తీగలు బిగిసి, శ్రుతి పైకి జరుగుతుంది. విశాఖలో పియానో ఉన్న ఇళ్లకు ఇది తెలిసిన బాధే.

1958లో మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ గెలిచిన వాన్ క్లైబర్న్ ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసవుల్లో ఇక్కడికొచ్చి విద్యార్థుల ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాడు.