మేఘాలెక్కుతున్న రైలు టిక్కెట్టు

న్యూఢిల్లీ: రైసినా రోడ్డులోని రైల్ భవన్‌కు వచ్చే ఉత్తరాలలో ఒక రకానికి విధానాలతో గానీ, బడ్జెటుతో గానీ సంబంధం ఉండదు. అవి బెర్తుల కోసం వచ్చే సిఫారసు లేఖలు. ఎంపీల లెటర్‌హెడ్‌ల మీద, మంత్రుల కార్యాలయాల ముద్రలతో, రైలు నంబరూ ప్రయాణ తేదీ వేసుకుని ఎమర్జెన్సీ కోటా కోసం వస్తాయి. దేశంలో కంప్యూటరు యుగం వచ్చి నలభయ్యేళ్ళు గడిచినా ఈ ఉత్తరాల యుగం మాత్రం గతించలేదు. రైల్వే రిజర్వేషను వ్యవస్థను సమూలంగా మార్చబోతున్నామని ప్రభుత్వం చెబుతున్న తరుణంలో ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం.

2025 ఆగస్టులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో కొన్ని ముఖ్య విషయాలు వెల్లడించారు. వ్యవస్థ 2010లో నెలకొల్పినది. ఇటానియం సర్వర్ల మీద, ఓపెన్ వీఎంఎస్ అనే మూల సాఫ్టువేరు మీద ఆధారపడినది. నిమిషానికి సుమారు 25,000 టిక్కెట్లు ఇవ్వగలది. దీనిని క్లౌడ్‌కు అనువైన కొత్త వ్యవస్థగా మార్చి, సామర్థ్యాన్ని నిమిషానికి లక్షకు పైగా పెంచుతామన్నారు. అంతకు రెండు నెలల ముందు, జూన్‌లో, రైల్వే శాఖ చెప్పిన లెక్క వేరు: అప్పటికి ఉన్న సామర్థ్యం 32,000, డిసెంబరుకల్లా చేరవలసిన లక్ష్యం లక్షన్నర. రెండు నెలలలో లెక్కలు ఎందుకు మారాయో పార్లమెంటులో ఎవరైనా గట్టిగా అడిగి ఉండవలసింది. సామర్థ్యం ఎంత అన్నదానికన్నా, సామర్థ్యం దేనికి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

ఈ వ్యవస్థ పుట్టుకను ఎరిగినవారు దానిని తేలికగా తీసివేయలేరు. 1985కు పూర్వం బెర్తు అంటే గుమాస్తా చేతిలోని లావుపాటి రిజిస్టరులో ఒక గీత. ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క రిజిస్టరు, ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క కిటికీ. ఆ రిజిస్టరులో ఏముందో గుమాస్తాకు తప్ప వేరొకరికి తెలియదు. 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా కంప్యూటరు రిజర్వేషను మొదలయింది. విదేశీ కంపెనీ కాదు, అప్పటి ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ దానిని రూపొందించింది. ఉద్యోగాలు పోతాయని కార్మిక సంఘాలు కంప్యూటర్లను శంకించిన కాలమది. అయినా ఏ కిటికీ దగ్గరయినా ఏ రైలుకయినా టిక్కెట్టు దొరకడం చూసిన ప్రయాణికుడు యంత్రాన్ని ఆదరించాడు. 1986లో రైల్వే సాఫ్టువేరు బాధ్యతలకై క్రిస్ అనే సంస్థ ఢిల్లీలో వెలసింది.

తెలుగు పాఠకులకు ఈ కథలో ఒక సొంత అధ్యాయం ఉంది. తొలినాళ్ళలో ఒక్కొక్క నగరం యంత్రం ఒక్కొక్క ద్వీపం. ఒక నగరం నుంచి మరొక నగరం యంత్రంతో మాట్లాడించగల ‘కాన్సర్ట్’ అనే కొత్త సాఫ్టువేరును క్రిస్ తయారుచేసినప్పుడు, 1994లో అది మొదట నడిచినది సికింద్రాబాదులో. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ ఒకే వలలోకి వచ్చాయి. 2002లో ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్లు మొదలయినప్పుడు ఆ కొత్త వాకిలి తెరుచుకున్నది కూడా ఈ పాత ఇంటికే.

మరి పాత ఇంటికి వచ్చిన ముప్పు ఏమిటి? గోడలు గట్టివే, పునాది వేసినవారు లేరు. వీఎంఎస్‌ను 1977లో వెలువరించిన అమెరికా సంస్థ డిజిటల్ ఈక్విప్‌మెంట్‌ను 1998లో కాంపాక్ కొన్నది. కాంపాక్ 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కలిసింది. ఇటానియం చిప్పుల సరఫరాను ఇంటెల్ 2021లో ముగించింది. మన సీఎంసీ సైతం 2001లో టాటాల పరమయి, 2015లో టీసీఎస్‌లో విలీనమయింది. విడిభాగం దొరకని బండిని ఎంత నైపుణ్యంతో నడిపినా ఎంతకాలం నడుపుతారు? ఆ బండి తీరు తెలిసినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తారు. కనుక మార్పు అనివార్యం. ఇందులో రెండో మాటకు తావు లేదు.

క్లౌడ్ అన్న పేరు విని ఆకాశంవైపు చూడనక్కరలేదు. అదీ నేల మీది యంత్రాల గిడ్డంగియే. ఒకే ఒక పెద్ద యంత్రానికి బదులు అనేక యంత్రాలు కలిసి పనిచేస్తాయి. రద్దీ పెరిగితే మరికొన్ని యంత్రాలు పనిలోకి దిగుతాయి, తగ్గితే తప్పుకుంటాయి. ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు తక్కినవాటికి తత్కాల్ తెరుచుకోగానే లక్షలాది చేతులు ఒకే తలుపును తడతాయి. మధ్యాహ్నానికి ఆ వాకిట అంత సందడి ఉండదు. ఇటువంటి పనికి క్లౌడ్ పద్ధతి తగినదే. అయితే మంత్రి వాడిన మాట ‘క్లౌడ్‌కు అనువైన’ అన్నది. ఆ గిడ్డంగి ఎవరిది, ఎవరి అజమాయిషీలో ఉంటుంది? దేశ ప్రజల రాకపోకల చిట్టా మొత్తం అందులో ఉంటుంది కనుక ఈ ప్రశ్న అడిగే హక్కు ప్రజలకు ఉంది.

అసలు చిక్కు యంత్రం మార్చడంలో లేదు, యంత్రంలోని న్యాయాన్ని తరలించడంలో ఉంది. రిజర్వేషను సాఫ్టువేరు అనేది టిక్కెట్లు అచ్చువేసే పరికరం మాత్రమే కాదు. అది ఒక చట్టసంపుటి వంటిది. 60 ఏళ్ళు పైబడిన పురుషునికీ, 45 ఏళ్ళు పైబడిన స్త్రీకీ వీలయినంతవరకు కింది బెర్తు ఇవ్వమని అందులో రాసి ఉంది. సికింద్రాబాదులో ఎక్కేవారికీ, దారిలో రామగుండంలో ఎక్కేవారికీ వెయిటింగు జాబితా ఒకటే కానక్కరలేదని రాసి ఉంది. స్త్రీల కోటా, సైనికుల కోటా, ఆర్ఏసీలో ఇద్దరికి ఒక బెర్తు - ఇవన్నీ అందులోనివే. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ నిలిచిపోయినప్పుడు సామాన్యునికి ఆ సంగతిని తెలియజేసినది ప్రభుత్వ ఉత్తరువు కాదు, కౌంటరులోని కంప్యూటరు చూపిన పూర్తి ఛార్జీ.

నలభయ్యేళ్ళుగా పెరిగిన ఏ సాఫ్టువేరులోనయినా కాగితం మీద ఉన్న నిబంధనలు కొన్ని, కోడ్‌లో మాత్రమే మిగిలిన నిబంధనలు కొన్ని ఉంటాయి. ఎప్పుడో, ఎవరో, ఏదో అవసరానికి చేర్చిన పంక్తి ఏ మూలనో పనిచేస్తూ ఉంటుంది. కొత్త ఇంటికి మారేటప్పుడు దానిని చెత్త అని పారవేస్తే ఎక్కడో ఒక స్టేషను ప్రయాణికుడు నష్టపోతాడు. చూడకుండా మోసుకుపోతే పాత అన్యాయమే కొత్త వేగంతో సాగుతుంది. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో సుమారు యాభై లక్షల మంది ఖాతాదారుల లెక్కలను ఒక్కపెట్టున కొత్త వ్యవస్థలోకి తరలించబోయి ఎంత అల్లరిపాలయిందో లోకం చూసింది. లక్షలాది మంది తమ సొమ్మును తామే తాకలేకపోయారు. నియంత్రణ సంస్థలు 2022లో ఆ బ్యాంకుకు 4 కోట్ల 80 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. బ్యాంకుకు ఒక దినం సెలవు ప్రకటించవచ్చు; రైలుకు సెలవు లేదు.

మరొక సంగతి ఉంది. తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాలలో లాగిన్ ప్రయత్నాలలో సగం వరకు మనుషులవి కావు, దళారుల మరయంత్ర ప్రోగ్రాములవని 2025లో రైల్వే శాఖే చెప్పింది. రెండున్నర కోట్ల అనుమానాస్పద ఖాతాలను నిలిపివేశామన్నది. 2025 జూలై నుంచి ఆన్‌లైను తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. దొంగను పట్టడానికి వాకిట కాపలా పెట్టడం సమంజసమే. కానీ కాపలాదారు ముందుగా అడ్డగించేది ఎవరిని? రిజర్వుడు టిక్కెట్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇంటర్నెట్ ద్వారానే పోతున్న ఈ రోజులలో, ఫోనుకు ఓటీపీ వచ్చే లోపున బెర్తులు నిండిపోయే ఈ పోటీలో, పాలమూరు నుంచి కూలికి వలస పోయేవాడికీ, ఉత్తరాంధ్ర నుంచి తాపీపనికి పోయేవాడికీ ఇంకా కౌంటరే దిక్కు. నిమిషానికి లక్ష టిక్కెట్లు ఇచ్చే యంత్రం ముందు ఆ కిటికీ వరుస నిమిషానికి ఎన్ని అడుగులు జరుగుతుంది?

నిమిషానికి లక్ష టిక్కెట్లన్న మాట చెవికి ఇంపుగా ఉన్నా, ఆ వేగం రైలుకు ఒక్క బోగీని కూడా చేర్చదు. బెర్తులు అన్నే, అవి పది నిమిషాలలో నిండేవి రెండు నిమిషాలలో నిండుతాయి. ‘లేదు’ అన్న జవాబు త్వరగా వస్తుంది. అదీ ఒక మేలే. ఆశతో గంటలు గడపడం తప్పుతుంది. కానీ దానిని ప్రగతి అని పిలవాలంటే, బెర్తు దొరకనివాడు ఎందుకు దొరకలేదో తెలుసుకోగలగాలి.

కనుక పార్లమెంటు సభ్యులు, మరీ ముఖ్యంగా మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులు, రైల్వే మంత్రిని అడగవలసినవి మూడు. మొదటిది, కొత్త వ్యవస్థలో బెర్తుల పంపకం నిబంధనలన్నిటినీ ఒకచోట రాసి, తెలుగుతో సహా అన్ని భాషలలో ప్రకటించాలి. కొత్త వ్యవస్థ పలు భాషలలో ఉంటుందని జూన్‌లో చెప్పినవారికి ఇది అసాధ్యం కాదు. రెండవది, ప్రతి రైలులో ఏ కోటాకు ఎన్ని బెర్తులు కేటాయించారో, అందులో ఎమర్జెన్సీ కోటాకు పోయినవెన్నో, ప్రయాణం ముగిసిన తర్వాతనైనా వెల్లడించాలి. మూడవది, ఫోను లేనివాడికి కౌంటరులో న్యాయమైన వాటా మిగల్చాలి.

ఇవి యంత్రజ్ఞులు తీర్చే ప్రశ్నలు కావు, ప్రభుత్వం తీర్చవలసినవి. నలభయ్యేళ్ళ కిందట కంప్యూటరు గుమాస్తా చేతిలోని రిజిస్టరును తీసుకున్నది. దానిని తెరిచి ప్రజలకు చూపించడం మాత్రం జరగలేదు. ఇప్పుడు ఆ రిజిస్టరు మేఘాలెక్కబోతున్నది. తెరిచి చూపడానికి ఇంతకన్నా మంచి తరుణం రాదు. లేనిపక్షంలో మేఘం ఎంత ఎత్తున ఉన్నా, రైల్ భవన్‌కు సిఫారసు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఉత్తరం రాసిపెట్టేవారు లేని ప్రయాణికుడు వెయిటింగు జాబితాలోనే ఉంటాడు.