వెబ్ మిడి ద్వారా గిటారు పెడళ్ల నియంత్రణ

వెబ్ మిడి ద్వారా గిటారు పెడళ్ల నియంత్రణ అనగా, కంప్యూటరులోని వెబ్ బ్రౌజరు నుండి మిడి సందేశములు పంపి, గిటారు ధ్వనిని మార్చే ఎఫెక్ట్స్ పెడళ్లను నడిపించుట. ఖరీదైన ఫుట్ కంట్రోలరు లేని విద్యార్థి కూడా ఈ పద్ధతిలో తన వద్దనున్న కంప్యూటరుతోనే పెడలులోని అనేక అమరికలను మార్చుకొనవచ్చును. అయితే ఒక వెబ్ పేజీకి పరికరముపై ఇంతటి అధికారము ఇచ్చునప్పుడు కొంత జాగ్రత్త కూడా అవసరము.

ఎఫెక్ట్స్ పెడలు

ఎలక్ట్రిక్ గిటారులో తీగల క్రింద ఉండు పికప్ అను అయస్కాంత పరికరము తీగల కంపనములను విద్యుత్ సంకేతముగా మార్చును. పాలకొల్లులో జన్మించిన ప్రముఖ కర్ణాటక సంగీత విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా తీగల కంపనమును విద్యుత్ సంకేతముగా మార్చు వాద్యమే. ఈ సంకేతము యాంప్లిఫయరును చేరుటకు ముందు, దారిలో అమర్చి కాలితో నొక్కు చిన్న పెట్టెను ఎఫెక్ట్స్ పెడలు అంటారు. వీటిలో కొన్ని ముఖ్యమైన రకములు:

* డిస్టార్షన్ - ధ్వనిని బొంగురుగా, కరకుగా మార్చును.
* డిలే - వాయించిన స్వరమును కొంత వ్యవధి తరువాత మరల వినిపించును.
* రివర్బ్ - విశాలమైన రాతి మండపములో వాయించినట్లు నాదమును వ్యాపింపజేయును.

పాట మధ్యలో ఒకే క్షణమున మూడు పెడళ్లను మార్చవలసి వచ్చినచో కాలితో నొక్కుట సాధ్యము కాదు. పైగా డిజిటల్ పెడళ్లలో అమరికలు అనేకముగా ఉన్నను, పైన తిప్పుటకు కొద్ది నాబ్‌లు మాత్రమే ఉండుట సాధారణము. ఈ రెండు ఇబ్బందులకు మిడి పరిష్కారము చూపును.

మిడి అనగా నేమి

మిడి అనునది మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్ అను మాటలకు సంక్షిప్త రూపము. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దీని రూపకల్పనలో ముఖ్యులు. వేర్వేరు సంస్థలు తయారుచేసిన రెండు సింథసైజర్లను మిడి ద్వారా కలిపి 1983 జనవరిలో అమెరికాలో ప్రదర్శించారు. ఈ కృషికి వీరిరువురికి 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారము లభించినది.

మిడి తీగలో ప్రవహించునది ధ్వని కాదు, ఆజ్ఞ మాత్రమే. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామము పేరిట ప్రసిద్ధమైన నాట్యమును దీనికి ఉపమానముగా చెప్పవచ్చును. నట్టువాంగము చేయువారు స్వయముగా నర్తింపరు. వారు పలుకు జతులను అనుసరించి నర్తకి అడుగులు వేయును. అట్లే బ్రౌజరు ఆజ్ఞను పంపగా, ధ్వనిని మార్చు పని పెడలే చేయును. కనుక కచేరీ మధ్యలో కంప్యూటరు ఆగిపోయినను, పెడలు చివరి అమరికతోనే పనిచేయుచుండును. గిటారు సాధారణముగా మూగపోదు.

సందేశముల నిర్మాణము

ఒక మిడి మార్గములో 16 ఛానెళ్లు కలవు. ఒక్కొక్క పెడలుకు ఒక్కొక్క ఛానెలు కేటాయించినచో దేని ఆజ్ఞ దానికి చేరును. సందేశములోని మొదటి సంఖ్య ఆజ్ఞ రకమును, ఛానెలును తెలుపును. దాని తరువాత వచ్చు సంఖ్యలు 0 నుండి 127 వరకు ఉండును.

* ప్రోగ్రామ్ ఛేంజ్ - పెడలులో భద్రపరచిన అమరికను పిలుచును. ఉదాహరణకు 3వ ఛానెలులోని పెడలుకు 194, 11 అని పంపవలెను.
* కంట్రోల్ ఛేంజ్ - ఒక్కొక్క నాబ్‌ను విడిగా త్రిప్పినట్లు పనిచేయును. అదే ఛానెలులో మొదటి సంఖ్య 178, రెండవది నాబ్ సంఖ్య, మూడవది దాని విలువ. ఏ నాబ్‌కు ఏ సంఖ్యయో పెడలుతో వచ్చు పుస్తకములో ఉండును.
* మిడి క్లాక్ - ఒక లయ ఘాతమునకు 24 స్పందనలు పంపును. దీనివలన డిలే వ్యవధి పాట లయతో కలియును.

సంప్రదాయ మిడి తీగ వేగము సెకనుకు 31,250 బిట్లు. మూడు సంఖ్యల సందేశము చేరుటకు దాదాపు 1 మిల్లీసెకను పట్టును. అందువలన మూడు పెడళ్లు వెంటవెంటనే మారినను చెవికి ఒకేసారి మారినట్లే తోచును.

బ్రౌజరు పాత్ర

వెబ్ పేజీలు మిడి పరికరములతో మాట్లాడు పద్ధతికి తొలి ముసాయిదాను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2012లో ప్రచురించినది. ఈ సౌకర్యము గూగుల్ క్రోమ్‌లో 2015 నుండి, ఫైర్‌ఫాక్స్‌లో 2022 నుండి కలదు. వ్యక్తిగత గోప్యతకు భంగము కలుగవచ్చునను కారణముతో దీనిని సఫారీలో చేర్చబోమని ఆపిల్ సంస్థ 2020లో తెలిపినది.

యుఎస్‌బి ద్వారా మిడిని స్వీకరించు పెడలును నేరుగా కంప్యూటరుకు కలుపవచ్చును. లేనిచో మధ్యలో మిడి ఇంటర్‌ఫేస్ అను చిన్న పరికరము కావలెను. మిడి సౌకర్యమే లేని సాధారణ పెడళ్లను ఈ విధముగా నేరుగా నడుపుట సాధ్యము కాదు.

పెడలు స్పందించనిచో

మొదట ఛానెలు సంఖ్యను సరిచూడవలెను. తరువాత లెక్కింపును గమనించవలెను. కొన్ని పెడళ్లు అమరికలను 1 నుండి, మరికొన్ని 0 నుండి లెక్కించును. పై ఉదాహరణలో 11 అని పంపినను, 1 నుండి లెక్కించు పెడలులో తెరచుకొనునది 12వ అమరిక. చిన్న గుండ్రని ప్లగ్గు గల తీగలలో ఏ, బి అను రెండు రకములున్నవి. ఒకటి ఉండవలసిన చోట మరొకటి పెట్టినచో సందేశము చేరదు. ఏ రకమును 2018లో ప్రమాణముగా స్వీకరించారు.

జాగ్రత్తలు

సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అను మరొక రకపు సందేశము కలదు. ఇది 240తో మొదలై 247తో ముగియును. దీనితో పెడలులోని అమరికలన్నింటిని కంప్యూటరులో భద్రపరచుకొనవచ్చును. కొన్ని పెడళ్లలో మూల సాఫ్టువేరునే మార్చవచ్చును. అనగా ఎన్నో దినములు శ్రమించి కూర్చుకొన్న అమరికలు ఒక్క తప్పుడు సందేశముతో చెరిగిపోవచ్చును. ఈ కారణముచేతనే బ్రౌజరు ముందుగా వినియోగదారుని అనుమతి కోరును. నమ్మకమైన పేజీలకు మాత్రమే అనుమతి నిచ్చుట, క్రొత్త పేజీని ప్రయత్నించుటకు ముందే అమరికల నకలును భద్రపరచుకొనుట మంచిది.