మాంద్యంలో పరిచయాల బలం

మాంద్యం వచ్చినప్పుడు కంపెనీలు సాధారణంగా ముందు కొత్త నియామకాలు ఆపేస్తాయి. అప్పటికీ ఖర్చు తగ్గకపోతే ఉన్నవాళ్లను తీసేస్తాయి. దీంతో ఉద్యోగం వెతికేవాళ్ల సంఖ్య పెరుగుతుంటే, ఉద్యోగాల సంఖ్య తగ్గిపోతుంటుంది. అలాగని ఖాళీలు పూర్తిగా మాయం కావు. ఎవరో రాజీనామా చేస్తారు, ఎక్కడో ఆగిన ప్రాజెక్టు మళ్లీ మొదలవుతుంది. అయితే ఆ ఖాళీకి బహిరంగంగా ప్రకటన ఇస్తే వందలు, వేలకొద్దీ రెజ్యూమెలు వచ్చి పడతాయి. వాటన్నిటినీ వడపోయడానికి హెచ్‌ఆర్ విభాగంలోనూ మనుషులు తగ్గి ఉంటారు. అందుకని మేనేజర్లు ముందుగా తమ టీమ్‌లోనే అడుగుతారు, తెలిసినవాళ్లలో ఈ పని చేయగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ప్రకటన దాకా రాకుండానే భర్తీ అయ్యే ఇలాంటి ఉద్యోగాల కబురు పరిచయాల ద్వారానే బయటికి వస్తుంది.

తెలుగు కుటుంబాలకు ఇలా ఉద్యోగాలు పోవడం దగ్గరగా తెలిసిన సంగతే. 2008 సెప్టెంబర్ 15న పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన తర్వాత అమెరికాలో నిరుద్యోగం పెరుగుతూ పోయి 2009 అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది. అదే కాలంలో, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడి హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. 2022 నవంబర్‌లో మెటా 11 వేల మందికి పైగా ఉద్యోగులను, 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ సుమారు 12 వేల మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. అమెరికాలో హెచ్1బీ వీసా మీద పనిచేసేవారికి ఉద్యోగం పోతే, కొత్త కంపెనీ వెతుక్కోవడానికి గానీ వీసా హోదా మార్చుకోవడానికి గానీ గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. అంత తక్కువ సమయంలో, ఎక్కడ ఖాళీ ఉందో ముందుగా తెలియడమే పెద్ద సాయం.

దూరపు పరిచయాల మేలు

ఉద్యోగం పోగానే ఎవరైనా మొదట దగ్గరి స్నేహితులకు, బంధువులకు చెప్పుకుంటారు. ధైర్యం చెప్పేదీ, చేబదులు ఇచ్చేదీ వాళ్లే. ఉద్యోగం కబురు మాత్రం చాలాసార్లు మరో వైపు నుంచి వస్తుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ విషయాన్ని చూపించారు. బోస్టన్ శివారులోని న్యూటన్‌లో వృత్తి నిపుణులు, సాంకేతిక నిపుణులు, మేనేజర్ల స్థాయి ఉద్యోగులు ఉద్యోగాలు ఎలా సంపాదించారో ఆయన అడిగి తెలుసుకున్నారు. సగానికి పైగా పరిచయాల ద్వారానే సంపాదించారు. ఆ కబురు చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్లమన్నవారు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 56 శాతం దాకా, ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువో అన్నవారు 28 శాతం దాకా ఉన్నారు.

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆప్తమిత్రులు తరచుగా ఒకే ఆఫీసులోనో ఒకే రంగంలోనో ఉంటారు. వాళ్లకు తెలిసినవి చాలావరకు ఉద్యోగం వెతికే మనిషికీ తెలిసే ఉంటాయి. లేఆఫ్‌లు వస్తే అందరికీ ఒకేసారి వస్తాయి కూడా. పాత కంపెనీలో పక్క టీమ్‌లో పనిచేసిన మనిషి, కాలేజీలో రెండేళ్ల సీనియర్, ఒకప్పటి క్లయింట్ మేనేజర్ వేరే లోకంలో తిరుగుతుంటారు. కొత్త సంగతులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీన్ని మరింత పెద్ద స్థాయిలో పరీక్షించింది. లింక్డ్ఇన్‌లో అయిదేళ్ల కాలంలో 2 కోట్ల మందికి పైగా వాడకందారుల మీద చేసిన ప్రయోగాలను పరిశీలించి, ఉద్యోగం మారడానికి దగ్గరి పరిచయాల కన్నా దూరపు పరిచయాలే ఎక్కువ తోడ్పడ్డాయని తేల్చారు. అయితే మరీ ముక్కూమొహం తెలియని పరిచయాల వల్ల కూడా అంత ఫలితం లేదు. ఉమ్మడి పరిచయస్థులు కొద్దిమంది ఉన్న, ఓ మాదిరి పరిచయాలదే పైచేయి.

ముడుచుకుపోయే గుణం

చిక్కల్లా ఇక్కడే ఉంది. దూరపు పరిచయాలు ఎక్కువగా అవసరమయ్యే వేళకే మనిషి వాటికి దూరమవుతాడు. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరలోని మరియెంతాల్ గ్రామం దీనికి పాత ఉదాహరణ. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. మహామాంద్యం తొలి రోజుల్లో మిల్లు మూతపడింది. సామాజిక పరిశోధకులు మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ బృందం అక్కడి జీవితాన్ని దగ్గరగా చూసి 1933లో పుస్తకం ప్రచురించింది. చేతినిండా ఖాళీ సమయం ఉన్నా, పుస్తకాలు తీసుకోవడానికి రుసుము ఎత్తేసినా, ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం రెండేళ్లలో సగానికి పడిపోయింది. సంఘాలకు, సభలకు వెళ్లడం తగ్గింది. వీధిలో మగవాళ్ల నడక కూడా మందగించిందని పరిశోధకులు గడియారం పెట్టుకుని మరీ గమనించారు.

ఈ ముడుచుకుపోవడం ఆలోచనలోనూ జరుగుతుంది. 2012లో ఎడ్వర్డ్ స్మిత్, తాన్యా మీనన్, లీ థాంప్సన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం పోతుందన్న భయం కలిగినప్పుడు సమాజంలో తక్కువ హోదా ఉన్నవారికి తమ పరిచయస్థుల్లో దగ్గరివాళ్లే, అదీ కొద్దిమందే గుర్తుకొచ్చారు. ఎక్కువ హోదా ఉన్నవారికి మాత్రం విస్తృతమైన పరిచయాలు గుర్తుకొచ్చాయి. అంటే సాయం ఎక్కువగా కావలసినవారి మనసులోనే జాబితా కుదించుకుపోతోంది. మన దగ్గర దీనికి నామోషీ కూడా తోడవుతుంది. ఉద్యోగం పోయిన సంగతి నెలల తరబడి ఇంట్లోవాళ్లకే చెప్పనివారు, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసేవారు ఉంటారు. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడం మనిషి పనితనం మీద తీర్పు కాదు. ఈ మాట ఇంట్లోవాళ్లు పదేపదే చెప్పాలి.

అందుకే జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా కాగితం మీద రాసుకోవడం మంచిది. పనిచేసిన ప్రతి కంపెనీ, ప్రతి ప్రాజెక్టు, చదివిన కాలేజీ, ఉన్న హాస్టల్, శిక్షణ తీసుకున్న సంస్థ అన్న వరుసలో పేర్లు రాస్తూ పోతే, ఫోన్‌లో ఉండి కూడా తలపుకు రానివాళ్లు ఎందరో బయటపడతారు.

ఆగిపోయిన పరిచయాలు

కొన్నేళ్లుగా మాటల్లేని పరిచయాలను మళ్లీ కదిలించడానికి చాలామంది మొహమాటపడతారు. అవసరానికి గుర్తొచ్చామా అనుకుంటారని సంకోచం. 2011లో డేనియల్ లెవిన్, జార్జ్ వాల్టర్, కీత్ మర్నిగన్ ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగాల్లో ఉన్న మేనేజర్లను అలాంటి పాత పరిచయస్థులతో మాట్లాడి తమ పనికి సంబంధించి సలహా తీసుకోమన్నారు. రోజూ మాట్లాడే వాళ్లిచ్చిన సలహాలకు ఇవి ఏమాత్రం తీసిపోలేదు, పైగా వీటిలో కొత్తదనం ఎక్కువగా ఉంది. మధ్యలో గడిచిన కాలంలో ఆ మనిషి వేరే అనుభవాలు సంపాదించి ఉంటాడు. పాత నమ్మకం మాత్రం అలాగే ఉంటుంది.

అయితే అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది. ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడవా’ అన్న మెసేజ్‌కు ఏం చేయాలో చదివినవాళ్లకు తెలియదు. అలా కాకుండా ఇలా రాస్తే పని ముందుకు సాగుతుంది:

‘నమస్తే అన్నా. నాలుగేళ్ల క్రితం బ్యాంకింగ్ ప్రాజెక్టులో మీ టీమ్‌లో టెస్టింగ్ చేసేవాణ్ణి. పోయిన నెల మా ప్రాజెక్టు ఆగిపోయి ఉద్యోగం పోయింది. ఆటోమేషన్ టెస్టింగ్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. మీ కంపెనీలో ఈ పనికి ఇప్పుడు ఏమేం అడుగుతున్నారో తెలుసుకుందామని. వీలున్నప్పుడు ఓ పది నిమిషాలు మాట్లాడగలరా?’

ఇందులో తానెవరో గుర్తుచేయడం ఉంది, జరిగింది దాచకుండా చెప్పడం ఉంది, తన పనేమిటో స్పష్టంగా ఉంది. అడిగింది ఉద్యోగం కాదు, పది నిమిషాలు. ఎదుటివాళ్లు కాదనడానికి ఇబ్బంది పడక్కర్లేదు. మాట్లాడిన తర్వాత కృతజ్ఞతలు చెప్పడం, ఆ సలహాతో ఏం చేశారో కొన్నాళ్లకు తెలియజేయడం పరిచయాన్ని నిలబెడతాయి.

రెఫరల్ వెనుక బాధ్యత

చాలా పెద్ద కంపెనీల్లో ఉద్యోగులు తెలిసినవాళ్ల రెజ్యూమెను అంతర్గత పోర్టల్‌లో సమర్పించవచ్చు. అభ్యర్థి చేరి కొంతకాలం కొనసాగితే సిఫారసు చేసినవారికి బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఇలాంటి రెఫరల్ వల్ల రెజ్యూమె మనిషి కంటబడుతుందే తప్ప ఉద్యోగం ఖాయం కాదు, ఇంటర్వ్యూ అందరికీ ఒకటే. సిఫారసు చేసినవాళ్ల పరువు కూడా దానితో ముడిపడి ఉంటుంది. ఆర్థికవేత్తలు లోరీ బీమన్, జెరెమీ మాగ్రుడర్ కోల్‌కతాలో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఇది కనిపించింది. తీసుకొచ్చిన మనిషి పనితీరును బట్టి డబ్బు ఇస్తామన్నప్పుడు, జనం బంధువులను తగ్గించి తోటి ఉద్యోగులను ఎక్కువగా తీసుకొచ్చారు. అందువల్ల రెఫరల్ అడిగేవాళ్లు ఆ ఉద్యోగానికి తాము ఎలా సరిపోతారో నాలుగు వాక్యాల్లో రాసి, రెజ్యూమెను, జాబ్ ఐడీని కలిపి పంపాలి. ఒకే కంపెనీలో పదిమందిని ఒకేసారి అడిగితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు పరిచయస్థుల ద్వారా వచ్చినా సరే, దూరంగా ఉంచాలి. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాల పేరుతో హైదరాబాద్‌లో లక్షలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. మాంద్యంలో ఆత్రుత పెరిగేకొద్దీ ఇలాంటి మోసాలకు చోటు దొరుకుతుంది.

పరిచయాలు లేనివారి కోసం

పరిచయాల మీద సాగే నియామకాల్లో అన్యాయం కూడా ఉంది. పెద్ద కాలేజీలో చదివినవారికి, అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న కుటుంబాలవారికి, బలమైన కులాలవారికి పరిచయాలు పుట్టుకతోనో చదువుతోనో వస్తాయి. పల్లెటూరి నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయికి అవి ఉండవు. ఆమె లోటు ప్రతిభలో కాదు, కబురు అందకపోవడంలో ఉంది.

ఈ లోటును కొంతవరకు సంఘటితంగా పూడ్చుకోవచ్చు. మహామాంద్యం ఇంకా వీడని 1939లో, న్యూయార్క్‌లో ఉద్యోగాలు పోయిన నలభై దాటిన అధికారులు ‘ఫార్టీ ప్లస్’ అనే సంఘం పెట్టుకున్నారు. ఆఫీసు పనంతా సభ్యులే చూసుకుంటూ, ఒకరి కోసం ఒకరు ఉద్యోగాలు వెతికిపెట్టేవారు. ఈనాటి కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాలు, లేఆఫ్ అయినవారి వాట్సాప్ గ్రూపులు, విదేశాల్లోని తెలుగు సంఘాలు ఆ పని చేయగలవు. ఏ గ్రూపులో చేరినా తన వంతు ముందు ఇవ్వడం మంచిది. తనకు పనికిరాని ఖాళీ వివరాలు పంచుకోవడం, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు చెప్పడం, జూనియర్ రెజ్యూమె సరిదిద్దడం ఉద్యోగం లేనివాళ్లూ చేయగలిగిన పనులే.

ఎక్కువ బాధ్యత మాత్రం ఉద్యోగంలో ఉన్నవాళ్లది. వచ్చిన మెసేజ్‌కు ‘ప్రస్తుతం మా దగ్గర ఖాళీల్లేవు’ అని ఒక్క వాక్యం జవాబిచ్చినా, ఎదురుచూసే మనిషికి మరో దారి చూసుకునే వీలు కలుగుతుంది. సొంత కాలేజీ, సొంత ఊరు, సొంత కులం దాటి, పని తెలిసిన ఒక అపరిచితుడి రెజ్యూమె చదివి ముందుకు పంపితే, పరిచయాలు లేని ఒక ఇంటికి అది మొదటి పరిచయం అవుతుంది. మంచి రోజుల్లో ఇలా చేసినవారికి చెడ్డ రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోవలసిన పని ఉండదు.