వంద హార్స్‌పవర్‌తో నాలుగొందల వేగం

శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న ఆమదాలవలస స్టేషన్ నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు. నెమెసిస్ అనే ఒంటి సీటు పందెపు విమానానికి ఆ దూరం పది పన్నెండు నిమిషాల పని. దాని ఇంజన్ శక్తి 100 హార్స్‌పవరే. మన రోడ్ల మీద తిరిగే ఎన్నో మామూలు కార్లకు అంత శక్తి ఉంటుంది.

ఇలాంటి బుల్లి విమానాల పందేలు 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు భారీ ఫైటర్లను పందేల్లో నడపడం అందరి తరమూ కాదు. అందుకని గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ చిన్న ఇంజన్ల విమానాలకు వేరే పోటీ పెట్టింది. స్టీవ్ విట్‌మన్ తయారుచేసిన బస్టర్ అనే విమానాన్ని బిల్ బ్రెన్నాండ్ గంటకు సుమారు 265 కిలోమీటర్ల వేగంతో నడిపి గెలిచారు. ఇంజన్ 85 హార్స్‌పవర్.

తర్వాత ఎయిర్‌లైన్స్ పైలట్ టామ్ కసట్ 1954లో తన విమానం కట్టుకున్నారు. వెల్డింగ్ చేసిన స్టీలు గొట్టాల చట్రం, దానిపై గుడ్డ, చెక్క రెక్క. 1958లో జాతీయ చాంపియన్ అయ్యారు. అంతకన్నా మెచ్చుకోవలసిన పని, ఆ విమానం ప్లాన్లను అమ్మకానికి పెట్టడం. ఎందరో వాటిని కొని సొంత షెడ్లలో కసట్ విమానాలు కట్టుకున్నారు.

ఫార్ములా వన్ అని పిలిచే ఈ తరగతిలో అందరిదీ ఒకే రకం ఇంజన్: కాంటినెంటల్ ఓ-200. ఖాళీ బరువు 227 కిలోలకు, రెక్క వైశాల్యం 66 చదరపు అడుగులకు తగ్గకూడదు. చక్రాలు లోపలికి ముడుచుకోకూడదు.

మరి గెలుపు ఎక్కడుంది? గాలి అడ్డును తగ్గించడంలో. వేగం రెట్టింపైతే ఆ అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుపోయే శక్తి ఎనిమిదింతలు కావాలి. ఆ లెక్కన ఆకారం మార్చకుండా బస్టర్ వేగం 265 నుంచి నెమెసిస్ వేగం 400కు చేరాలంటే మూడు రెట్లకు మించిన శక్తి ఉండాలి. ఇంజన్‌లో పెరిగింది 15 హార్స్‌పవరే! మిగతాదంతా కట్టినవాళ్ల ఆలోచన, చేతి పనితనం. లాక్‌హీడ్ ఇంజనీరు జాన్ షార్ప్ కట్టిన నెమెసిస్‌కు రివెట్లు లేని నున్నటి కాంపోజిట్ రెక్క. అలాంటి రెక్కకు పురుగులు అంటుకున్నా వేగం పడిపోతుంది, కాబట్టి తుడవడమూ పందెంలో భాగమే. 1991 నుంచి 1999 దాకా అమెరికాలోని రీనో పోటీల్లో ఈ తరగతిలో ఏటా అదే గెలిచింది. ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మన దేశంలోనూ ముంబై పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే అనుమతి వచ్చాయి. అది పందెపు విమానం కాదు. అయినా ఇంట్లో విమానం కట్టాలనుకునే మన కుర్రాళ్లు ముందుగా తెలుసుకోవలసిన కథ అది.