చిన్న కుక్కకు పెట్టరాని ముద్ద

భోజనమునకు కూర్చుండగనే దగ్గరకు వచ్చి, తోక యాడించుచు, మన చేతివంకను మొగమువంకను మార్చి మార్చి చూచు ప్రాణి యింటనున్నచో, దానికొక ముద్ద పెట్టక తినుట ఎవరికిని సాధ్యము కాదు. అన్నము పెట్టిన చేతిని కుక్క మరువదని మన పెద్దల మాట. ఆ మాటను మేము కాదనము. కాని ముద్దలో ఏమున్నదో చూచుకొనక పెట్టినచో, ప్రేమతో పెట్టినదే దాని ప్రాణము తీయవచ్చును. ఈ సంగతి మేము పుస్తకములలో చదువుటకు ముందే మా యింటనే నేర్చుకొనవలసి వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట మూడు కిలోల బరువుగల పామెరేనియన్ కుక్క యొకటి ఉండెడిది. పిల్లలు దానిని బుజ్జి యని పిలిచెడివారు. ఒక పండుగనాడు పరమాన్నమునకై తీసియుంచిన ఎండుద్రాక్షను పిల్లలు ఒక్కొక్కటిగ విసరుచుండగా అది గాలిలోనే అందుకొని తినెను. పిల్లలు నవ్విరి, మేమును చూచి నవ్వితిమి. మొత్తము గుప్పెడు పండ్లు తినియుండును. ఆ రాత్రి రెండుమార్లు కక్కెను. పండుగ తిండి అరుగలేదు కాబోలునని కొంచెము మజ్జిగ పోసి ఊరకుంటిమి. మరునాడు అది లేవక మూలను పడియుండెను. మూడవనాటికి మూత్రము పోయుట మానెను. అప్పుడు పశువైద్యుని యొద్దకు గొనిపోతిమి. ఆయన రక్తము పరీక్షించి, మూత్రపిండములు రెండును పనిచేయుట లేదని చెప్పి, ఏమి తిన్నదని అడిగెను. ద్రాక్షపండ్ల మాట మాకు తోచనేలేదు, పిల్లలే చెప్పిరి. “ఆ రాత్రియే తీసికొని వచ్చియున్నచో బాగుండెడిది” అని మాత్రము ఆయన అనెను. నాలుగవనాడు బుజ్జి పోయినది.

మావలె తెలియక పొరపడువారు మరికొందరు ఉండవచ్చును గనుక, ఈ విషయమును గూర్చి తెలిసికొనినంతవరకు ఇచ్చట చెప్పుచున్నాము.

కుక్క ఏది పెట్టినను అరిగించుకొనునని మనలో ఒక నమ్మకము కలదు. వీధికుక్కలు ఎంగిలాకులపై బ్రతుకుట లేదా యని కొందరు అడుగుదురు. బ్రతికినవానినే మనము చూచుచున్నాము. ఏ కుక్క దేనివలన చచ్చినదో లెక్క వ్రాసినవారు లేరు. అదియును గాక, ఏ విషమైనను పని చేయుట తిన్న ప్రాణి బరువును బట్టి యుండును. 60 కిలోల మనిషికిని 3 కిలోల కుక్కకును 20 రెట్లు భేదము. మనకు ఒక్క తునక యైనది దానికి ఇరువది తునకలతో సమానము. మన దేహము సులభముగ విరిచి బయటికి పంపగల కొన్ని పదార్థములను కుక్క దేహము పంపజాలదు. ఈ రెండు కారణములును కలిసినప్పుడు చిన్నజాతి కుక్కకు వంటయిల్లే ప్రమాదస్థలమగుచున్నది.

మొదట ద్రాక్ష మాట చెప్పుదుము. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండములు చెడుచున్నవని అమెరికాలోని పశువైద్యులు 2001 లో తమ సంఘపత్రికలో ప్రకటించిరి. కాని ద్రాక్షలోని ఏ పదార్థము ఇందుకు కారణమో చాలకాలము అంతుపట్టలేదు. ఒక కుక్క ఇరువది పండ్లు తిని సుఖముగ ఉండును. మరియొకటి నాలుగు తిని మంచము పట్టును. చిక్కుముడి విడిపోయిన తీరు విచిత్రమైనది. పిల్లలు ఆడుకొనుటకు ఇంట కలిపిన పిండిముద్దను తిన్న కుక్క యొకదానికి సరిగ ద్రాక్ష తిన్న కుక్కకు వచ్చు జబ్బే వచ్చెను. ఆ పిండిలో ద్రాక్ష లేదు. ద్రాక్షసారాయి పీపాలలో పేరుకొను ఉప్పునుండి తయారగు టార్టారు పొడి యున్నది. అది టార్టారిక్ ఆమ్లమునకు సంబంధించిన లవణము. ద్రాక్షలోని పులుపునకును ఆ యామ్లమే ముఖ్యకారణము. కనుక దోషి అదియే యని 2021 లో ఆ వైద్యులు ప్రతిపాదించిరి. పండు పండిన తీరును బట్టియు, జాతిని బట్టియు ఈ యామ్లము హెచ్చుతగ్గులగును గనుక, కుక్కలకు కలుగు హానియు ఒక్క తీరున ఉండదని వారు వివరించిరి.

ఇంతవరకు ఇది దూరదేశపు కథ. ఇక మన వంటయింటిలోనికి వత్తము. పండ్లలో టార్టారిక్ ఆమ్లము విరివిగ ఉండుట అరుదు. ద్రాక్ష అట్టిదొకటి, రెండవది మన చింతపండు. చింతపండు గుజ్జు నూరు గ్రాములలో ఈ యామ్లము 8 మొదలు 18 గ్రాముల వరకు ఉండును. అనగా తాజా ద్రాక్షలోకంటె అనేక రెట్లు. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండములు చెడిన సందర్భములు 2022 లో వైద్యపత్రికలో ప్రకటితమైనవి. చింతపండు లేని తెలుగువారి భోజనమును ఊహింపలేము. చారు, పులుసు, పులిహోర, పచ్చడి, అన్నిటికిని అదియే ప్రాణము. పలుచని చారుతో కలిపిన ఒక్క ముద్ద తినగనే కుక్క చచ్చునని మేము భయపెట్టుట లేదు. కాని చిక్కని పులుసన్నము, పులిహోర, పులుపుపచ్చడి అద్దిన ముద్ద దినదినమును చిన్న కుక్కకు పెట్టుట మంచిది కాదు. నానబెట్టి పిండి పారవేసిన చింతపిప్పియు, డబ్బానుండి జారిపడిన చింతపండు ఉండయు కుక్కకు అందకుండ చూచుట మరింత అవసరము. ద్రాక్ష విషయములో ఇంతవరకు పెట్టవచ్చునను హద్దు లేదు గనుక, ఒక్క పండైనను పెట్టకుండుటయే నియమము.

రెండవ పదార్థము ఉల్లి. నీరుల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, అన్నియు ఒక్క కుటుంబమువే. వీనిలోని గంధకపు పదార్థములు కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చెరచును. చెడిన హిమోగ్లోబిన్ ఆ కణములలో చిన్న చుక్కలుగ గడ్డకట్టును. 1890 లో వీనిని వర్ణించిన జర్మను వైద్యుని పేర వీనిని హైంజ్ కణికలందురు. ఇట్లు చెడిన కణములను దేహము తానే నాశనము చేసికొనును. కుక్కకు పాండురోగము కలుగును. శరీరపు బరువులో రెండువందలవ వంతునకు మించి ఉల్లి ఒక్కసారి తిన్నచో ఈ హాని కనబడునని వైద్యులు చెప్పుచున్నారు. 3 కిలోల కుక్కకు అది 15 గ్రాములు. అనగా చిన్న ఉల్లిపాయలో కొంత భాగము మాత్రమే. 30 కిలోల లాబ్రడార్‌కు 150 గ్రాములు కావలసియుండును. దినమునకు కొంచెముగ తిన్నను హాని క్రమముగ కూడుకొనవచ్చును. వెల్లుల్లి నీరుల్లికంటె తీవ్రమైనది.

ఇచ్చట గృహిణులు ముఖ్యముగ గమనింపవలసినది ఒకటి కలదు. వేయించినను, ఉడికించినను, ఎండబెట్టి పొడి చేసినను ఉల్లిలోని ఈ గుణము పోదు. మాంసపుకూర మసాలాలో కరగి కంటికి కనబడని ఉల్లియు ఉల్లియే. ముక్కలు ఏరి పెట్టుచున్నాము గదా యని తృప్తిపడుట పొరపాటు. రెండవ చిక్కు, జబ్బు వెంటనే కనబడకుండుట. మూడు నాలుగు దినములు గడచిన తరువాత చిగుళ్ళు పాలిపోవును, మూత్రము ఎఱ్ఱబారును, నాలుగడుగులు వేయగనే కుక్క రొప్పును. అప్పటికి ఆదివారమునాటి పకోడీ ఎవరికిని జ్ఞాపకముండదు.

మూడవది చాక్లెట్టు. గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో అంతరపంటగ పండు కోకో గింజలనుండియే ఇదియు తయారగును. కోకోలో థియోబ్రోమిన్ అను పదార్థము కలదు. అది మన కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి చుట్టము. కుక్క దేహములో ఇది సగమునకు తగ్గుటకే సుమారు 17 గంటలు పట్టును. కిలో బరువునకు 20 మిల్లీగ్రాములు చేరగనే వాంతులు, విరేచనములు, నిలకడలేని పరుగులు మొదలగును. 40, 50 మిల్లీగ్రాములు చేరిన గుండె లయ తప్పును. 60 చేరిన మూర్ఛలు వచ్చును. పాలచాక్లెట్టు గ్రామునకు సుమారు 2 మిల్లీగ్రాములు, నల్లని చాక్లెట్టులో 5, కోకో పొడిలో 20 వరకు థియోబ్రోమిన్ ఉండును. కనుక 3 కిలోల కుక్క అస్వస్థతకు పాలచాక్లెట్టు 30 గ్రాములు, నల్లనిది 12 గ్రాములు చాలును. కోకో పొడి చెంచాడైనను చాలును. పుట్టినరోజు పండుగలలో పిల్లలు తమ మిఠాయిని పంచుకొను మొదటి మిత్రుడు కుక్కయే గనుక, ఈ లెక్క వారికి చెప్పియుంచవలయును. కాఫీపొడి, టీ ఆకు పిప్పి విషయములోను ఈ జాగ్రత్తయే వలయును.

నాలుగవది మన పూర్వులు ఎరుగనిది, పేరు జైలిటాల్. చక్కెరకు బదులుగ కొన్ని చక్కెరలేని చూయింగ్ గమ్ములలోను, మిఠాయిలలోను, దంతధావనపు పేస్టులలోను దీనిని కలుపుదురు. మనకు అది హాని చేయదు. కుక్క దేహము మాత్రము దానిని చక్కెర యని భ్రమపడి ఇన్సులిన్‌ను ఒక్కసారిగ విడుదల చేయును. అర్ధగంట గడవకముందే రక్తములోని చక్కెర పడిపోయి కుక్క తూలిపడవచ్చును. కిలోకు గ్రాములో పదవవంతు ఇందుకు చాలును. అరగ్రాము దాటిన కాలేయము చెడు ప్రమాదము కలదు. చిన్న కుక్కకు ఒక్క బిళ్ళయే ప్రాణాంతకము కావచ్చును. మధుమేహమున్నవారి యింట “చక్కెర లేదు” అను చీటిగల డబ్బాలను ఎత్తున ఉంచవలయును.

మిగిలినవి క్లుప్తముగ చెప్పుదుము. నేతిలోను నూనెలోను వేగిన పిండివంటలు, మాంసపు కొవ్వు ఒక్కసారిగ ఎక్కువ తిన్నచో క్లోమము వాచి భరింపరాని కడుపునొప్పి కలుగవచ్చును. ఉడికిన కోడియెముకలు సూదులవలె చీలి గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును. మామిడిటెంక చిన్న కుక్క ప్రేగునకు బిరడావలె అడ్డుపడును. శస్త్రచికిత్స తప్ప గతి యుండదు. ఆవకాయ ముక్కలో ఉప్పు, కారము, వెల్లుల్లి, నూనె అన్నియు ఉన్నవి. దానిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

పొరపాటున తినినచో ఏమి చేయవలయును? జబ్బు కనబడువరకు ఆగరాదు. మేము చేసిన తప్పు అదియే. తిన్నది ఏది, ఎంత, ఎన్ని గంటలకు, కుక్క బరువు ఎంత, ఈ నాలుగును కాగితముపై వ్రాసికొని, డబ్బా గాని చీటి గాని ఉన్నచో చేతబట్టుకొని వెంటనే పశువైద్యుని యొద్దకు పోవలయును. మొదటి రెండు గంటలలో పోయినచో ఆయన సూదిమందుతో కక్కించి, విషమును పీల్చుకొను బొగ్గుపొడి త్రాగించి, సెలైను ఎక్కించి చాలవరకు కాపాడగలడు. ఇంట ఉప్పునీళ్ళు పోసి కక్కించుట మానవలయును. ఆ యుప్పే చిన్న కుక్కకు మరియొక విషమగును. నిమ్మరసము, మజ్జిగ, నూనె, ఇవేవియు విరుగుడులు కావు. ఇవి విలువైన కాలమును మాత్రము హరించును.

ఇన్ని వలదన్న తరువాత, పెట్టదగినది ఏది యని అడుగుట న్యాయమే. ఉత్త అన్నము, ముద్దపప్పు, ఎముకలు తీసి ఉప్పులేక ఉడికించిన కోడిమాంసము, ఉడికిన గ్రుడ్డు, కారెట్టు, గుమ్మడిముక్క, ఇవన్నియు మితముగ పెట్టవచ్చును. జ్ఞాపకముంచుకొనుటకు ఒక్క నియమము చాలును. కుక్క వంతు పొయ్యి మీదనుండియే తీయవలయును గాని విస్తరినుండి కాదు. ఉల్లి పడకముందు, చింతపండు పిండకముందు, తాళింపు వేయకముందు గిన్నెలో తీసియుంచిన ముద్ద దానిది. ఆ తరువాతిది మనది.

ఇప్పుడు మా యింట మరియొక చిన్న కుక్క ఉన్నది. తాళింపు గరిట పొయ్యి మీదకు ఎక్కకముందే మా పిల్లలు దాని గిన్నె తెచ్చి వంటయింటి గడపలో పెట్టుదురు. చెప్పనక్కరలేకయే పెట్టుదురు.