కెమెరా ఎందుకు పలకదు?

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించినా, పసిబిడ్డకు అన్నప్రాసన చేసినా, ఆ వెంటనే ఫొటో ఉండాల్సిందే. ముహూర్తాల రోజుల్లో ఇక్కడి స్టూడియోల వాళ్లకు కంటిమీద కునుకుండదు. రాత్రి పెళ్లి తీసిన కెమెరాను తెల్లారగానే సిస్టమ్‌కు తగిలిస్తారు. ఆల్బమ్ డిజైనింగు, వీడియో మిక్సింగు అన్నీ ఆ తర్వాతే. కేబుల్ పెట్టాక తెరమీద కెమెరా కనిపించకపోతే గుండె ఆగినంత పనవుతుంది. తాళి కట్టే క్షణాన్ని మళ్లీ తీయమంటే ఎవరివల్ల అవుతుంది?

అప్పుడు పిన్ను పీకి పెట్టడం, ఊపి చూడడం, చివరికి కెమెరా పోయిందని తేల్చేయడం మామూలే. కేబుల్‌ను మనం మిరప చేనుకు నీళ్లు పెట్టే గొట్టంలా ఊహించుకుంటాం. ఇటు కలిపితే అటు పారాలి అనుకుంటాం. కానీ యూఎస్‌బీ తీగలో ముందు నడిచేవి ఫొటోలు కావు, ప్రశ్నలు. నువ్వెవరు, నిన్ను చేసిందెవరు, నీతో ఏ పద్ధతిలో మాట్లాడాలి అని కంప్యూటర్ అడుగుతుంది. కెమెరా ఒక్కోదానికీ జవాబు చెప్పాలి. ఆ మాటలు ఎక్కడ తెగాయో పట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే.

1990ల మొదట్లో ఈ ఏర్పాటు లేదు. కీబోర్డుకు ఒక సాకెట్, ప్రింటర్‌కు ఇంకోటి, మోడెమ్‌కు మరోటి. కొత్త పరికరం చేర్చాలంటే ఒక్కోసారి డబ్బా విప్పి, లోపల కార్డు బిగించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి. తొలి డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి సీరియల్ కేబులే దిక్కు. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో ఒక మెగాబైటు ఫొటో దిగడానికి దాదాపు నిమిషంన్నర పట్టేది. ఆ లెక్కన వెయ్యి ఫొటోలు దించడానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలవు.

ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముఖ్యుడు మన దేశంలో పుట్టినవాడే. అజయ్ భట్ 1957లో వడోదరలో పుట్టాడు. అక్కడి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్లి, 1990లో ఇంటెల్‌లో చేరాడు. ఇంట్లో ప్రింటర్‌తో తనవాళ్లు పడిన అవస్థే ఈ ఆలోచనకు బీజం వేసిందని ఆయన తర్వాత చెప్పాడు. గోడకున్న ప్లగ్గులో తీగ పెట్టినంత సులువుగా ఏ పరికరాన్నయినా కంప్యూటర్‌కు తగిలించగలగాలన్నది ఆయన పట్టుదల. కాంపాక్, డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్ కలిసి 1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణాన్ని విడుదల చేశాయి. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, యూఎస్‌బీ పేటెంట్లకు రాయల్టీ అడగకుండా ఇంటెల్ ఆ ప్రమాణాన్ని అందరికీ వదిలేయడం. 2013లో భట్‌కూ ఆయన బృందానికీ యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు దక్కింది.

అయినా మొదట్లో అది సాఫీగా నడవలేదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ చూస్తుండగానే, విండోస్ 98 ఉన్న కంప్యూటర్‌కు స్కానర్ తగిలించగానే తెర నీలిరంగులోకి మారి సిస్టమ్ కూలిపోయింది. అంతటివారి వేదిక మీద జరిగింది మన స్టూడియోలో జరిగితే వింతేముంది? 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0తో వేగం సెకనుకు 480 మెగాబిట్లకు పెరిగింది. దాంతో కెమెరాలోంచి ఫొటోలు దించడం ఇంకా వేగమైంది.

ఇప్పుడు లోపలి సంగతి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు మాటలకు. పెద్ద ప్లగ్గులోకి తేరిపార చూడండి, అంచున ఉన్న రెండు రేకులు మధ్యవాటికన్నా కాస్త పొడుగు. ముందు కరెంటు అందాలి, ఆ తర్వాతే మాటలు మొదలవ్వాలని అలా చేశారు. కెమెరా తన సమాచార తీగల్లో ఒకదాన్ని 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా పైకి లాగుతుంది. ఆ వోల్టేజీ చూసి, ఎవరో వచ్చారని కంప్యూటర్ గ్రహిస్తుంది. తర్వాత దానికి 1 నుంచి 127 లోపు ఒక చిరునామా ఇచ్చి, తయారీదారు నంబరు, మోడల్ నంబరు, పరికరం తరగతి అడుగుతుంది. ఆ జవాబులను బట్టి, ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను వెతుకుతుంది.

తగిలించినా ఉలుకూ పలుకూ లేదంటే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఛార్జింగ్ కోసమే చేసిన చౌక కేబుళ్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, మాటల తీగలు ఉండవు. అదే కేబుల్‌తో ఫోన్‌లోంచి ఫొటోలు దిగుతున్నాయేమో చూస్తే తేలిపోతుంది. తర్వాత సాకెట్ చూడండి. పత్తి మిల్లులు, మిర్చి కల్లాలు ఉన్న ఈ నేలలో నలుసులకేం కొదవ? కెమెరా ఆపి, పొడి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. పాత కెమెరాలకుండే మినీ పిన్నును సుమారు 5,000 సార్లు, 2007లో వచ్చిన మైక్రో పిన్నును 10,000 సార్లు పెట్టి తీసేలా తయారుచేశారు. మైక్రోలో ఇంకో తెలివైన ఏర్పాటుంది. అరిగే స్ప్రింగులను పరికరంలోంచి తీసి కేబుల్ వైపు పెట్టారు, కాబట్టి అరిగితే మారేది చౌకదైన కేబులే.

పరికరాన్ని గుర్తించలేకపోయామని విండోస్ చెబితే అర్థం వేరు. ఎవరో వచ్చారని తెలిసింది గానీ జవాబు సరిగా అందలేదు. మధ్యలో హబ్ ఉంటే తీసేసి, సీపీయూ వెనకవైపు సాకెట్‌కు నేరుగా పెట్టండి. 5 మీటర్లు మించిన కేబుల్ వాడొద్దు. కెమెరాలో వైఫై వేసి ఉంటే ఆపండి, అది నడుస్తుండగా కేబుల్‌ను పట్టించుకోని మోడళ్లున్నాయి.

అంతా బాగున్నా డ్రైవ్ అక్షరం కనిపించలేదని కంగారుపడేవారు ఎందరో. చాలా కెమెరాలు పెన్‌డ్రైవ్‌లా మాట్లాడవు. పీటీపీ అనే ఫొటోల భాషలో మాట్లాడతాయి. అలాంటప్పుడు డ్రైవ్ బదులు కెమెరా బొమ్మ కనిపిస్తుంది, దానిలోపలే ఫొటోలుంటాయి.   

ఒక్క విషయంలో మాత్రం బతిమాలి చెబుతున్నాను. చిప్పు, అంటే మెమరీ కార్డు, పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోకండి. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. అప్‌డేట్ లేని విండోస్ ఎక్స్‌పీకి ఆ పద్ధతి తెలియదు, బాగున్న కార్డును కూడా ఫార్మాట్ చేయమంటుంది. చిప్పు బయటకు తీసి, పక్కనున్న లాక్‌ను కిందికి జరిపి, కార్డ్ రీడర్‌తో మరో సిస్టమ్‌లో చూడండి. ఫొటోలు రెండు చోట్ల కాపీ అయ్యాయని తెరిచి చూసుకున్నాకే చిప్పు ఖాళీ చేయండి, అదీ కెమెరాలోనే.